ఒక్క పూట మాట

“వాడు అల్లం అన్నడు. గంతే, ఇద్దరు ఎక్కి కూసున్నరు,” అంది పక్కింటి అక్క.

నాకు భయం మొదలైంది సరిగ్గా ఆ మాట దగ్గరే. అప్పటిదాకా ఉన్నది విసుగు మాత్రమే. బడి ఆటో ఆలస్యం కావడం మాకు కొత్త కాదు. నేను కాలేజీ నుంచి వచ్చి, పిల్లలకు పాలు వెచ్చబెట్టి, గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాను. అప్పుడే అక్క తన కూతురి చేయి పట్టుకుని నడిచి వచ్చింది. ఆ పిల్లను పంటి డాక్టరుకు చూపించాల్సి ఉండి ఆ రోజు తనే బడికి వెళ్లి తీసుకొచ్చింది.

“మీవోళ్లు ఇంక రాలేదా చెల్లె? నా కండ్ల ముంగటనే ఆటో ఎక్కిన్రు గద,” అని అడిగింది ముందు.

“ఎవరి ఆటో అక్కా?”

“మన ఆటో అన్నది గాదు. వేరే బండి, తోలేటాయన గూడ వేరే. నీ బిడ్డ జల్ది ఎక్కలే. మాట చెప్పు అని నిలవడ్డది.”

ఆ తర్వాత అన్నదే పైన రాశాను.

“మరి నువ్వు ఆపలేదా?” అన్నాను.

“ఎందుకు ఆపుత? మీ ఇంటి మాటనే గద చెప్పింది!”

మా ఇంటి మాట. అది మా ఇంటి మాట అని ఆమెకు తెలుసు. ఎంత బాగా తెలుసంటే, ముక్కూమొహం తెలియని మనిషి నోట అది వినగానే మా పిల్లలకు ఏ ప్రమాదమూ లేదని తేల్చుకుని తన దారిన తాను వచ్చేసింది. నిజానికి ఆ మాట మా గుమ్మం దాటి బయటికి పోకూడనిది.

ఆ మాట ఎలా పుట్టిందో చెప్పాలి. ఏడాది క్రితం, పిల్లల్ని ఎత్తుకుపోయే వాళ్లు తిరుగుతున్నారని అందరి ఫోన్లలోకీ మెసేజీలు వచ్చాయి. వాటిని నేను నమ్మలేదు. కానీ ఫోన్లోంచి తీసెయ్యనూ లేదు. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి దాకా వెళ్లి వెనక్కి వచ్చి చూసుకునే మనిషిని. ఒక సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: ఎవరు వచ్చి మమ్మీ పంపింది అన్నా నమ్మవద్దు, ముందు మాట చెప్పమనాలి, చెబితేనే కదలాలి. ఏ మాట పెట్టుకుందామంటే బాబు వాడి సైకిల్ పేరు చెప్పాడు. పాప “అల్లం” అంది. ఆ రోజు పక్కింటి వాకిట్లో పొలం నుంచి తెచ్చిన అల్లం మట్టితో సహా కుప్ప పోసి ఉంది. మా గదుల్లో కూడా అదే వాసన. సరే, అల్లమే అనుకున్నాం.

మా ఆయనకు చెప్పాను. ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, ఏ రోజు ఎవరు బడికి వెళ్తామో తెలియదు. మా అత్తమ్మకు చెప్పాను, ఒక్కోసారి ఆమె వెళ్తుంది. మొగుడంపల్లి నుంచి మా మరిది వస్తే అతనికీ చెప్పాను. ఇక ఒకరోజు మధ్యాహ్నం రోజూ వచ్చే ఆటో అన్న నుంచి ఫోన్.

“అక్కా, నీ బిడ్డ నన్ను దొంగను జేసింది. మాట చెప్పకుంటె బండెక్కదంట. బడి కాడ అందరు నవ్వుతున్నరు. గా మాటేందో జర చెప్పు తల్లీ!”

నవ్వుకుని చెప్పాను. మరుసటి రోజు నుంచి ఆయన బడి గేటు దగ్గర ఆటో ఆపి, కూరగాయలు అమ్మేవాడిలాగా “అల్లమో... అల్లం!” అని కేక పెట్టడం మొదలుపెట్టాడు. పిల్లలంతా పరుగెత్తుకొచ్చి ఎక్కేవారు. నేనూ ఒకసారి కళ్లారా చూసి, కడుపు పట్టుకుని నవ్వాను. ఎంతమందికి తెలిస్తే అంతమంది మా పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటారు కదా అనుకున్నాను కూడా.

నేను డిగ్రీ కాలేజీలో జావా అనే కంప్యూటరు భాష చెబుతాను. పిల్లలు ఆలస్యమైన రోజు మధ్యాహ్నం, నేను గేటు దగ్గర నిలబడటానికి కాస్త ముందు, రెండో సంవత్సరం పిల్లలకు ల్యాబ్ ఉంది. పాఠం వేరియబుల్స్, అంటే విలువలు దాచుకునే పేర్లు: వాటిలో రకాలు, ఒక్కోటి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కనబడుతుంది. మా కాలేజీ పిల్లల్లో సగం మంది రాయికోడ్, ఝరాసంగం వైపు ఊళ్ల నుంచి షేరింగ్ ఆటోల్లో వచ్చేవాళ్లే. అందుకని ఆటో పేరుతోనే ఒక క్లాస్ రాయమన్నాను. క్లాస్ అంటే నమూనా. దాని నుంచి రెండు ఆటోలు తయారుచెయ్యాలి. మొదటి దాంట్లో ముగ్గురు, రెండో దాంట్లో ఇద్దరు పాసింజర్లు ఎక్కాలి. ఏ ఆటోలో ఎంతమందో కంప్యూటరు చెప్పాలి.

ముందు వరసలో కూర్చున్న అమ్మాయి కంప్యూటరు మీద, రెండు ఆటోల్లోనూ ఐదుగురు కనబడ్డారు.

“ఐదుగురేంది మేడమ్, మా ఝరాసంగం ఆటోల పది మందిని గూసవెడ్తరు,” అని వెనక నుంచి ఒకడు అన్నాడు. ల్యాబ్ మొత్తం నవ్వింది.

నేను ఆ అమ్మాయి రాసింది చూశాను. పాసింజర్ల లెక్క ముందు స్టాటిక్ అని ఉంది. ఇది ప్రతి ఏడూ ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చేదే. ప్రోగ్రాంలో ఒక పని చేసే ముక్కను మెథడ్ అంటాం; ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ అనే మెథడ్ స్టాటిక్. అందులో, ఏ ఆటోదో చెప్పకుండా, లెక్కను ఊరికే పేరు పెట్టి పిలిస్తే కంప్యూటరు ఒప్పుకోదు, కింద ఎర్రగీత వస్తుంది. లెక్క ముందు స్టాటిక్ అని చేర్చగానే ఆ గీత పోతుంది. గీత పోతే తప్పు పోయిందనుకుంటారు.

“ఇప్పుడు ఎర్రగీత లేదు గద మేడమ్,” అని ఆ అమ్మాయీ అంది.

బోర్డు దగ్గరికి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మెథడ్ లోపల పుట్టేది లోకల్ వేరియబుల్. పని మొదలైనప్పుడు పుడుతుంది, పని కాగానే పోతుంది. బయటివాళ్లకు అది ఉన్నట్టే తెలియదు. దానికి విలువ మీరే ఇవ్వాలి. ఇవ్వకుండా వాడబోతే ప్రోగ్రాం ముందుకు కదలదు. ఇన్‌స్టెన్స్ వేరియబుల్ ఒక్కో ఆటోకు విడిగా ఉంటుంది, ఆ ఆటో ఉన్నన్నాళ్లు ఉంటుంది. మీరు విలువ ఇవ్వకపోయినా సున్నా అని తనే పెట్టుకుంటుంది. స్టాటిక్ అలా కాదు. ఎన్ని ఆటోలు చేసినా అది ఒక్కటే, అందరిదీ. ప్రోగ్రాం ఆగిపోయేదాకా అలాగే ఉంటుంది. ఈ ఆటోలో ఇద్దరు ఎక్కితే ఆ ఆటోలోనూ లెక్క పెరుగుతుంది.

“అందరికి ఒక్కటే ఉంటె మంచిదే గద మేడమ్. యాడికెల్లి అడిగినా దొరుకుతది,” అన్నాడు వెనక వరస అబ్బాయి.

“దొరకడం మంచిదేరా. ఎవరు ఎక్కడ వాడుకున్నారో నీకు తెలియదు చూడు, అక్కడే వస్తుంది తంటా,” అన్నాను. చెబుతూనే గోడ గడియారం చూసుకున్నాను. పిల్లల ఆటో వచ్చే వేళకు ఇంటికి చేరాలి నాకు. ఆ మాట నేను ఏమంత ఆలోచించి అన్నది కాదు. ప్రతి ఏడూ అదే ప్రశ్న వస్తుంది, అదే జవాబు చెబుతాను.

ఇప్పుడు మళ్లీ మా ఇంటి గేటు దగ్గరికి వస్తాను.

ఆటో అన్నకు ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. డ్యూటీలో ఉంటే మా ఆయన ఫోన్ లాకర్లో ఉంటుంది. బడికి చేస్తే “అందరు పోయిన్రు మేడమ్, గేటు బందువెట్టినం,” అన్నారు. అత్తమ్మను గేటు దగ్గర నిలబెట్టి స్కూటీ తీశాను. బడి దారిలో ఎదురొచ్చిన ప్రతి ఆటోలోకీ తొంగి చూశాను. అన్నింట్లోనూ ఎవరో ఒకరి పిల్లలు ఉన్నారు.

బడి దాటి, షేరింగ్ ఆటోలు ఆగే అడ్డా దగ్గర ఆగాను. డ్రైవర్లు ముగ్గురు నలుగురు చాయ్ తాగుతూ కనబడ్డారు. ఏమని అడగాలి? బండి రంగు తెలియదు, నంబరు తెలియదు, మనిషి ఎలా ఉంటాడో తెలియదు. నా పిల్లల్ని ఎక్కించుకున్న మనిషి గురించి నాకు తెలిసింది ఒక్కటే, అతనికి మా మాట తెలుసు. వేరే దారి లేక అదే అడిగాను.

“అన్నా, మీలో ఎవరైనా బడి పిల్లలకు అల్లం అని చెప్పి ఎక్కించుకున్నారా?”

వాళ్లు మొహమొహాలు చూసుకుంటారనుకున్నాను. చూసుకోలేదు.

“అల్లమా? గది బడి పిల్లల మాట గదమ్మా,” అన్నాడు వాళ్లలో పెద్దాయన, రోడ్డు పేరు చెప్పినంత తేలికగా. “మా బండ్లోళ్లందరికి ఎరుకే.”

“అందరికీనా?”

“ఆఁ. గా బడి పిల్లల ఆటో తోలేటాయననే చెప్పిండు. అల్లం అంటె పిల్లలు గమ్మున ఎక్కుతరు, సతాయించరు అని.”

పక్కనున్నాయన నా మొహం చూసినట్టున్నాడు. “ఫికర్ జేయకమ్మా. ఆయన బండి క్లచ్ వైరు తెగింది. మెకానిక్ కాడ పడి ఉన్నడు. పిల్లల్ని తెమ్మని బామ్మర్దిని తోలిండు. మంచోడే, మా అడ్డాలనే నడుపుతడు,” అన్నాడు.

పిల్లలు ఎవరితో పోయారో తెలిసింది. కానీ ఎక్కడున్నారో ఇంకా తెలియదు. ఆ బామ్మర్దికి ఫోన్ చేయమని అడుగుతుండగానే నా ఫోన్ మోగింది. పక్కింటి అక్క.

“వచ్చిన్రు చెల్లె, వచ్చిన్రు. నువ్వు నిమ్మళంగ రా, స్కూటీ జోరుగ నడపకు.”

నిమ్మళంగానే నడిపాను. మధ్యలో ఒకచోట ఆగి మొహం తుడుచుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి బాబు పాలు తాగి, మూతి మీద మీసంతో కూర్చున్నాడు. బామ్మర్ది ఆటో పక్కన నిలబడి ఉన్నాడు, నేను వచ్చేదాకా పోవద్దని అత్తమ్మ పట్టుబట్టిందట. నడి వయసు మనిషి. నన్ను చూసి చేతులు కట్టుకున్నాడు.

“నాకు ఇండ్లు తెల్వయక్కా. పిల్లల్నే అడుక్కుంట ఒక్కొక్కర్ని దించుకుంట వచ్చిన. మీ బాబు ఇటు అంటె ఇటు, అటు అంటె అటు తిప్పిన. అందుకే లేటైంది.”

“నేనే తోవ చూపెట్టిన మమ్మీ!” అన్నాడు బాబు. “రైల్వే గేటు కాడికెల్లి వచ్చినం. రైలు గూడ వచ్చింది!”

మా ఇంటికి రావడానికి రైల్వే గేటు దాకా పోవాల్సిన అవసరమే లేదు.

పాప మాత్రం నా వైపే చూస్తోంది. దగ్గరికి వెళ్లగానే చెప్పింది. “నేను ఊకెనే ఎక్కలే మమ్మీ. మాట అడిగిన. చెప్పినంకనే తమ్మున్ని ఎక్కించి నేను ఎక్కిన.”

మెచ్చుకోలు కోసం చూస్తోంది. మెచ్చుకోవాల్సిందే. నేను ఏం చెప్పానో ఒక్క ముక్క కూడా తప్పకుండా అదే చేసింది. అతను మంచివాడు కాకపోయినా సరిగ్గా అదే చేసేది. నా బిడ్డ ఆ ఆటో ఎక్కింది నా మాట విననందుకు కాదు, విన్నందుకు. ఆ సంగతి ఆమెకు చెప్పలేక, తల నిమిరి “మంచిగ అడిగినవ్ బిడ్డా,” అన్నాను.

దీపాలు పెట్టే వేళకు ఆటో అన్న వచ్చాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. ఫోన్ బండిలో ఉండిపోయిందని, తాను బండి కింద ఉన్నానని చెప్పాడు. నాకు కోపం వచ్చింది గానీ అది నిలవలేదు. ఆయన బెదిరిపోయి ఉన్నాడు.

“నా తప్పేం లేదక్కా. మాట చెప్పే తోలిన గద.”

“అది మా ఇంటి మాట అన్నా. మీ బామ్మర్దికి ఎట్ల చెప్తవు?”

“మీ ఇంటిదే ఏంది?” అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ. “నా ఆటోల పిల్లలందరికి గదే పెట్టిన. వాళ్ల అమ్మలకు గూడ చెప్పిన. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఐతె నాకు యాదికుంటదా? అందరికి ఒక్కటే. మస్తు పనిజేస్తుంది.”

నాకు మధ్యాహ్నం ల్యాబ్‌లోని ఆ రెండు ఆటోలు గుర్తొచ్చాయి. రెండింట్లోనూ ఐదుగురు.

ఆయన వెళ్లాక, రొట్టెలు చేస్తూ దాని గురించే ఆలోచించాను. మొదట తట్టింది మాట మార్చేద్దామని. అల్లం తీసేసి పసుపు పెడదాం. అత్తమ్మ కూడా అదే అంది. కానీ పసుపు కూడా కొన్నాళ్లకు గేటు దగ్గర కేకే అవుతుంది. విలువ మార్చినంత మాత్రాన ఏమీ మారదు. అది ఎన్నాళ్లు బతకాలి, ఎవరి కంటికి కనబడాలి అన్నది మారితేనే మారినట్టు. పిల్లలిద్దరికీ చెరో మాట ఇస్తే? అప్పుడు ఒకరి మాట మరొకరికి తెలియదు. అయినా అది పిల్లలతో పాటే ఏళ్ల తరబడి ఉంటుంది. బాబు ఒక చాక్లెట్‌కు దాన్ని క్లాసు మొత్తానికి చెప్పేస్తాడు. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చేసరికి నాకు జవాబు దొరికింది. ఏడేళ్లుగా బోర్డు మీద రాస్తున్న లోకల్ వేరియబులే. మాట పొద్దున పుట్టాలి, సాయంత్రం పోవాలి. ఆ రోజు ఎవరికి పని ఉందో వాళ్లకే తెలియాలి.

అత్తమ్మకు చెబితే ఆమె మూతి ముడిచింది. “రోజుకొక్క మాట నాకెట్ల యాదికుంటదమ్మా?”

“యాది పెట్టుకోవద్దు అత్తమ్మా. మీరు పోయే రోజు, పోయే ముందు చెప్త. వచ్చినంక మర్చిపోరి.”

“మర్చిపోవుడైతే నాకు మంచిగ వస్తది,” అంది అత్తమ్మ.

మర్నాడు పొద్దున ఇద్దరూ బూట్లు వేసుకుంటుంటే ముందు కూర్చున్నాను. నిన్న భయపడ్డానని చెప్పలేదు. ఆట మారిందని చెప్పాను.

“ఇయ్యాల్టి సంది అల్లం లేదు. ఎవరన్న అల్లం అన్నరనుకో, ఆటో అన్న అన్నా సరే, ఎక్కొద్దు. వెనుకకు తిరిగి టీచర్ దగ్గరికి పోవాలె.”

“మరి మాట?” అంది పాప.

“రోజు పొద్దుగాల నేను ఒక కొత్త మాట చెప్త. అది ఆ ఒక్కరోజుకే. ఆ రోజు మిమ్మల్ని తీసుకొచ్చేటోళ్లకే చెప్త, ఇంకెవరికి చెప్ప. మీరు గూడ చెప్పొద్దు. సాయంత్రం ఇంట్లకు రాంగనే ఆ మాట అయిపోతది.”

“అయిపోతదంటె? సచ్చిపోతదా?” అన్నాడు బాబు, కళ్లు పెద్దవి చేసి.

“ఆఁ, అట్లనే.”

“మరి దానికి దినాలు చెయ్యాల్నా?”

పాప వాడి నెత్తిన ఒకటి వేసింది. నేను ఇద్దరినీ దగ్గరికి లాక్కుని చెరో చెవిలో ఆ రోజు మాట చెప్పాను. అది ఆ సాయంత్రమే అయిపోయింది గనుక ఇక్కడ రాసినా ఫరవాలేదు. ‘మీసం’. బాబుకు తెగ నచ్చింది. పైకి అనకుండా ఉండటానికి చేత్తో నోరు మూసుకున్నాడు.

గేటు బయట హారన్ మోగింది. కేక లేదు, ఒట్టి హారన్. కేక వద్దని, ఆ రోజు మాట ఏదో, అన్నకు ముందే ఫోన్‌లో చెప్పాను. బ్యాగులు తగిలించుకుని గడప దాటబోతూ పాప ఆగింది.

“మమ్మీ, నువ్వు ఒకరోజు కొత్త మాట చెప్పుడు మర్చిపోతెనో? అప్పుడు అల్లమేనా?”

“కాదు బిడ్డా,” అన్నాను. “అప్పుడు పాత మాట లేదు, ఏ మాట లేదు. నేను ఇయ్యకపోతె ఎవ్వరితోని రావద్దు. తమ్మున్ని పట్టుకొని బడిలనే కూసో. ఎంత లేటైనా నేనే వస్త.”